సూర్యుడు మండడం లేదు

"సూర్యుడు మండుతున్న అగ్నిగోళం" అని పరీక్షలో రాసే విద్యార్థులు ఇంకా ఉన్నారు. మీలోనూ ఉండవచ్చు. కవులు అలా అంటే నాకు పేచీ లేదు. సైన్సు జవాబుపత్రంలో మాత్రం ఆ మాట ఉండకూడదని నా అభిప్రాయం.

మండడమంటే ఇంధనం ఆక్సిజన్‌తో కలవడం. సరే, సూర్యుడంతా బొగ్గే అనుకోండి. కావలసినంత ఆక్సిజన్ కూడా ఉందనుకోండి. ఇప్పుడు ఇస్తున్నంత వేడి ఇస్తూ పోతే ఆ బొగ్గు సుమారు 5 వేల ఏళ్ళలో అయిపోతుంది.

అది చాలదని చెప్పే సాక్ష్యం మీ కాళ్ళ కిందే ఉంది. నంద్యాల, ఆళ్ళగడ్డ ఇళ్ళలో పరిచే నాపరాయి ఒక రకం సున్నపురాయి. ఒకప్పుడు ఇక్కడున్న సముద్రం అడుగున పేరుకున్నది. ఈ ప్రాంతపు రాతిపొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు మన ఊళ్ళ పేర్లే పెట్టారు: కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేలు. వాటి వయసు 50 కోట్ల ఏళ్ళకు పైమాటే. అప్పుడు సముద్రం గడ్డకట్టకుండా నీరుగా ఉండాలంటే ఎండ కావాలి కదా! సూర్యుడు తన బరువుకు తానే కుంచించుకుపోవడం వల్ల వేడి పుడుతుందని 19వ శతాబ్దంలో కెల్విన్ వాదించాడు. ఆ లెక్కా 2, 3 కోట్ల ఏళ్ళకే సరిపోయింది. నాపరాయి గెలిచింది, లార్డుగారు ఓడారు.

మరి వేడి ఎక్కడిది? సూర్యుని నడిగర్భంలో ఉష్ణోగ్రత సుమారు 1.5 కోట్ల డిగ్రీలు. అక్కడి విపరీతమైన ఒత్తిడిలో నాలుగేసి హైడ్రోజన్ కేంద్రకాలు అంచెలంచెలుగా కలిసి ఒక హీలియం కేంద్రకమవుతాయి. ఇదే కేంద్రక సంలీనం. ఆ నాలుగింటి కంటే హీలియం ద్రవ్యరాశి 0.7 శాతం తక్కువ. ఆ తేడాయే శక్తి. సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ ఇలా మారితే, 40 లక్షల టన్నులకు పైగా శక్తి అవుతుంది. ఆ శక్తి పైపొరకు చేరడానికి వేలాది ఏళ్ళు పడుతుంది. అక్కడినుంచి మన పెరట్లోకి 8 నిమిషాలే! ఈ పద్ధతిలో సూర్యుడు 460 కోట్ల ఏళ్ళుగా వెలుగుతున్నాడు, ఇంకా ఇంచుమించు అంతకాలం వెలుగుతాడు. రాత్రిపూట నల్లమల మీద కనిపించే చుక్కల్లో చాలావాటి వెలుగూ ఇలాంటిదే.

ఆ హీలియం జాడ మొదట దొరికింది భూమిమీద కాదు, సూర్యునిలో. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరు నుంచే వర్ణపటదర్శినితో పరిశీలించాడు. ఆ ఏడాది సూర్యుని వర్ణపటంలో కనిపించిన పసుపుపచ్చ గీత సోడియానిది కాదని ఇంగ్లండులో లాకియర్ గుర్తించాడు. గ్రీకుల సూర్యుడైన హీలియోస్ పేరే ఆ మూలకానికి వచ్చింది. రామ్సే దాన్ని భూమిమీద పట్టుకున్నది 1895లో, మరో 27 ఏళ్ళకు.