బొమ్మ పక్కన చుక్కల లెక్క

ధనుర్మాసం వస్తోందంటే తెలుగు ఊళ్ళలో ఆడపిల్లల చేతికి పాత నోటుబుక్కు ఒకటి వచ్చేది. పక్కవీధి వాకిట్లో కొత్త ముగ్గు కనిపిస్తే చాలు, అక్కడే నిలబడి చుక్కలు లెక్కపెట్టి, ఇంటికి పరుగెత్తి పెన్సిలుతో దించుకునేవాళ్ళు. ఆ పుస్తకంలో ఏ పేజీ తిప్పినా బొమ్మ ఒంటరిగా ఉండదు. పక్కనే ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అని చిన్న అక్షరాల్లో ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క ఉంటే ముగ్గు ఏ వాకిట్లోనైనా కుదురుతుంది. చోటు తక్కువైతే చుక్కల మధ్య ఎడం తగ్గించుకుంటారు. లెక్క తెలియకుండా బొమ్మ చూసి వేయబోతే సగంలోనే మెలిక తప్పుతుంది.

ఇవాళ ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు, ఫ్లాటు కొన్నవాళ్ళు చేస్తున్న పనీ అదే. నోటుబుక్కు బదులు ఫోను వచ్చింది. పింటరెస్ట్‌లో ఒక బోర్డు, ఇన్‌స్టాగ్రామ్‌లో దాచుకున్న రీల్స్, ఇంటిల్లిపాదీ ఉన్న వాట్సాప్ గ్రూపు. గృహప్రవేశానికి ఆరు నెలల ముందే వందల బొమ్మలు పోగవుతాయి. ఇది మంచి అలవాటే. ఒకప్పుడు ఆర్కిటెక్టు గడప తొక్కగలిగినవాళ్ళకే నాలుగు రకాల నమూనాలు కంటపడేవి. ఇప్పుడు అద్దె ఇంట్లో ఉంటున్న కొత్త జంట కూడా జపాన్ ఇంటి తలుపునూ, మొరాకో ఇంటి పలకలనూ రాత్రి భోజనమయ్యాక తీరిగ్గా చూసుకోగలుగుతోంది. అయితే నోటుబుక్కు నుంచి ఫోనుకు మారే దారిలో ఒకటి జారిపోయింది. అది చుక్కల లెక్క. దాన్ని తిరిగి తెచ్చుకోకపోతే ఎన్ని బొమ్మలు దాచినా ఇంటికి అక్కరకు రావు.

ఈ సేకరణ వేదికల్లో ఒకటి పుట్టిందీ ఇల్లు బాగుచేసుకునే తిప్పల్లోంచే. అమెరికాలోని పాలో ఆల్టోలో ఆది టటార్కో, అలోన్ కోహెన్ అనే దంపతులు సొంతింటికి మరమ్మతులు చేయించుకుంటూ, పత్రికల కత్తిరింపులతో పని సాగక విసిగి 2009లో ‘హౌజ్’ మొదలుపెట్టారు. మరుసటి ఏడాది పింటరెస్ట్ వచ్చింది. దాని స్థాపకుల్లో ఒకరైన బెన్ సిల్బర్‌మన్‌ది చిన్నప్పుడు కీటకాలనూ స్టాంపులనూ కూడబెట్టిన మనస్తత్వం. 2024 నాటికి నెలనెలా దాన్ని వాడేవాళ్ళు ప్రపంచం మొత్తమ్మీద 50 కోట్లు దాటారు. స్టాంపును ఆల్బంలో అతికిస్తే పని పూర్తవుతుంది. ఇంటి బొమ్మ మాత్రం రేపు చెక్కగా, రాయిగా, కరెంటు తీగగా మారాలి.

ఆ మార్పు జరిగే చోటు ఎలా ఉంటుందంటే, గోడలకు పుట్టీ ఇంకా ఆరలేదు. సిమెంటు బస్తా మీద కూర్చున్న వడ్రంగి మేస్త్రి చేతికి ఇల్లాలు ఫోను ఇస్తుంది. ‘వంటిల్లు ఇట్లా కావాలి మేస్త్రీ’ అంటుంది. ఆయన రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి మూలలు చూస్తాడు, తలుపుల అంచులు చూస్తాడు. చెవి మీది పెన్సిలు తీస్తూ ‘సైజెంతమ్మా?’ అంటాడు. జవాబుండదు. బొమ్మలోని గది ఎన్ని అడుగులో అది దాచుకున్నవాళ్ళకు తెలియదు. ఇక్కడున్నది ఎనిమిది బై ఏడు. అందులోనే గ్యాసు సిలిండరు, బియ్యం డబ్బా, ఆవకాయ జాడీలు, గ్రైండరు ఇమడాలి. వాటిలో ఒక్కటీ ఫొటోలో లేదు. మేస్త్రి తన అనుభవం కొద్దీ ఏదో కుదురుస్తాడు. కుదిర్చినదానికీ ఫోనులో ఉన్నదానికీ పొంతన లేక ఇంట్లో నెలల తరబడి అసంతృప్తి. నింద మేస్త్రి మీద పడుతుంది. కొలత చెప్పని బొమ్మను ఆయన చేతిలో పెట్టిన సంగతి ఎవరికీ గుర్తురాదు.

బొమ్మ చెప్పనిది కొలత ఒక్కటే కాదు. పైన అతికించిన సన్‌మైకా ఒకటే అయితే లోపలున్నది ఎండీఎఫ్ అయినా ప్లైవుడ్ అయినా కంటికి ఒకేలా ఉంటుంది. తేడా సింకు కింద బయటపడుతుంది. మామూలు ఎండీఎఫ్ తడి తగిలితే ఉబ్బుతుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తడిని బాగా ఓర్చుకుంటుంది. ‘సింకు కింద 710’ అని బొమ్మ పక్కన ఒక్క ముక్క రాసుకుంటే వేల రూపాయల నష్టం తప్పుతుంది.

తెల్ల పాలరాతి వంటగట్టు సంగతీ అంతే. విదేశీ వంటిళ్ళ బొమ్మల్లో మంచులా మెరిసే ఆ రాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేటు. పులుపు తగిలితే దాని పైపొర కరిగిపోతుంది, పసుపు పడితే లోపలికి పీల్చుకుంటుంది. పొద్దున చింతపండు పులుసు, మధ్యాహ్నం నిమ్మకాయ పచ్చడి, పూటపూటా పసుపూ తాలింపూ ఉండే ఇంట్లో ఆ తెలుపు ఎంతకాలం నిలుస్తుంది? తాతల కాలం నుంచి తెలుగిళ్ళలో నల్ల కడప బండనో గ్రానైటునో వంటగట్టుకు వాడటం వెనక మరకల అనుభవమూ ఉంది. నూనె చుక్క, పసుపు మరక నలుపు మీద దిగులు పుట్టించవు. పైకి అంతగా కనిపించవు.

రంగులకూ కారణాలుంటాయి. ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే స్కాండినేవియన్ పద్ధతినే తీసుకుందాం. తెల్ల గోడలు, లేత కర్ర, గోడంత అద్దం కిటికీ. స్టాక్‌హోంలో డిసెంబరు చివర పగలు సుమారు ఆరు గంటలే. ఆ కాస్త వెలుతురును పట్టుకుని గదంతా పరచడానికి అక్కడివాళ్ళు గోడలకు తెలుపు వేశారు, కిటికీలకు పరదాలు తగ్గించారు. అదే రోజున హైదరాబాద్‌లో పగలు 11 గంటలుంటుంది. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో పడమటి ఎండకు అద్దం గోడ పెట్టడమంటే ఆ గదిని సాయంత్రం దాకా పొయ్యి మీద పెట్టినట్టే. స్వీడన్ ఇంటి బొమ్మ దాచుకోవచ్చు. ‘వెలుతురు చాలని దేశం’ అన్న మాట దాని పక్కన రాసుకోవాలి. అప్పుడు ఆ ఇంట్లోంచి తీసుకోవాల్సింది అద్దం గోడ కాదని తెలుస్తుంది. తక్కువ సామాను, పిల్లలకు అందే ఎత్తులో అలమర, గోడవారగా ఒక దీపం లాంటివి అక్కడి నుంచి తెచ్చుకుంటే ఇక్కడా చక్కగా ఇముడుతాయి.

ఇంకో చిన్న గుర్తు. ఆ అందమైన గదుల్లో చాలావాటిలో సీలింగ్ ఫ్యాను కనిపించదు. ఫ్యాను లేని తెలుగిల్లు ఉండదు. ఫోనులోని బొమ్మ చూసి ఫాల్స్ సీలింగ్ దించి, దాని కింద ఫ్యాను వేలాడదీస్తే రెక్కలు మంచం మీద నిలబడిన పిల్లాడి చేతికి దగ్గరగా వస్తాయి. ఇది అలంకరణ విషయం కానే కాదు, ప్రాణాల విషయం. సీలింగ్ బొమ్మ దాచుకునేముందు సొంత గది ఎత్తు టేపుతో కొలవడం అందుకే ముఖ్యం.

అసలు ఆ గది నిజమైనదేనా అన్నది కొత్త ప్రశ్న కాదు. 1951 నుంచి అచ్చవుతూ వచ్చిన ఐకియా కేటలాగు ఎన్నో దేశాల్లో ఇళ్ళ ఊహలకు రూపమిచ్చింది. 2006లో ఆ సంస్థ ‘బెర్టిల్’ అనే చెక్క కుర్చీని కెమెరా లేకుండా కంప్యూటర్‌లో గీసి కేటలాగులో పెట్టింది. 2014 నాటికి దాని వస్తువుల బొమ్మల్లో నాలుగింట మూడొంతులు అలా తయారైనవే. అయితే ఆ కుర్చీ నిజంగా ఉండేది, దుకాణంలో దొరికేది. ఇప్పుడు కృత్రిమ మేధ గీస్తున్న గదుల్లో కుర్చీయే లేదు. మెట్లు గోడలోకి వెళ్ళి ఆగిపోతాయి, వెలుగు ఏ కిటికీలోంచి వస్తోందో తెలియదు, అలమర తలుపుకు కీలు ఉండదు. ఇలాంటివి ముంచెత్తడంతో పింటరెస్ట్ 2025లో కృత్రిమ మేధ బొమ్మలకు గుర్తు పెట్టడం మొదలుపెట్టింది, ఇంటి అలంకరణ లాంటి విభాగాల్లో అవి తక్కువ కనిపించేలా ఎంచుకునే వీలూ కల్పించింది. ఆ మీట ఎక్కడుందో వెతికి నొక్కుకోవడం ఇల్లు కట్టుకునే ప్రతివాళ్ళకూ అవసరం. ఎవరూ కట్టని గదికి ఎవరి దగ్గరా లెక్క ఉండదు.

ఫోనుతో ఇంకో చిక్కూ ఉంది. ఒక లేత గోధుమరంగు సోఫా మీద వేలు పెడితే మర్నాటికి అలాంటివే వంద వస్తాయి. రెండు వారాల్లో బోర్డంతా ఒకే రంగులోకి తిరుగుతుంది. అమెరికన్ రచయిత కైల్ చైకా 2016లోనే దీన్ని గమనించి, ఏ నగరానికి వెళ్ళినా ఒకేలా కనిపించే కాఫీ షాపులకూ అద్దె గదులకూ ‘ఎయిర్‌స్పేస్’ అని పేరు పెట్టాడు. మియాపూర్ ఫ్లాటూ మాంట్రియల్ ఫ్లాటూ ఒకే బట్ట కట్టుకుంటున్న కాలమిది. వెతికే మాట మార్చడం దీనికి మొదటి మందు. ‘లివింగ్ రూమ్’ అని వెతికేవాళ్ళు ‘మండువా’ అని, ‘తాండూరు బండ’ అని, ‘కలంకారీ’ అని తెలుగు అక్షరాల్లో కొట్టి చూస్తే తెర మీద వేరే లోకం తెరుచుకుంటుంది.

ఆ లోకానికీ విదేశీ బొమ్మలకూ ఉన్న బంధుత్వం తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. నల్లటి రాతిలో బంగారు రవ్వలు చల్లినట్టుండే వంటగట్లు అమెరికా, ఐరోపా వంటిళ్ళ ఫొటోల్లో విరివిగా ఉంటాయి. దాని పేరు బ్లాక్ గెలాక్సీ. అది పుట్టేది ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల్లో. ఆ రవ్వలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ఒంగోలులో ఇల్లు కడుతున్న మనిషి న్యూజెర్సీ వంటిల్లు చూసి ముచ్చటపడి దాచుకున్న రాయి, తన ఊరికి కూతవేటు దూరం నుంచి ఓడెక్కి వెళ్ళినదే కావచ్చు.

అంతకు మూడు వందల ఏళ్ళ ముందే మచిలీపట్నం లాంటి కోరమాండల్ రేవుల నుంచి వెళ్ళిన అద్దకపు బట్టలు ఐరోపా పడకగదుల గోడలనూ మంచాలనూ అలంకరించాయి. తమ నేతగాళ్ళ బతుకుతెరువు కాపాడుకోవడానికి ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో వాటి మీద ఆంక్షలు పెట్టాల్సి వచ్చిందంటే మోజు ఎంతో ఊహించవచ్చు. అప్పటి ఇంగ్లండు వర్తకులు తమ దేశంలో నచ్చే నమూనాలను ఓడల్లో ఇక్కడికి పంపేవారు. కలం పట్టిన చేతులు వాటిని ఉన్నదున్నట్టు దించలేదు. తమకు తెలిసిన కొమ్మలూ పూలూ పిట్టలూ అందులో కలిపి కొత్తదేదో సృష్టించాయి. ఆ గుడ్డల్లో కొన్ని ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. దాని వెబ్‌సైట్‌లో పది లక్షలకు పైగా వస్తువుల వివరాలు ఉచితంగా చూడవచ్చు. అక్కడ చాలా బొమ్మల కింద ఎక్కడ చేశారో, ఏ కాలంలో చేశారో, దేనితో చేశారో, పొడవు వెడల్పు ఎంతో రాసి ఉంటుంది. ముగ్గుల పుస్తకం పాటించిన పద్ధతే అది. ఇంటికోసం బొమ్మలు వెతికేవాళ్ళు వారానికోసారైనా అలాంటి చోట్లకు వెళ్ళాలి.

దీపాల బొమ్మలు వెతికేవాళ్ళకు నిమ్మలకుంట ఒక మంచి పాఠం. ధర్మవరం దగ్గరి ఈ ఊళ్ళో తోలుబొమ్మల కళాకారులు మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు ఆవలికి కనిపించేంత పలచగా గీకి, సన్నని ఉలులతో చిల్లులు కొట్టి రంగులద్దుతారు. దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ కళలోనే. తెర వెనక ఆడిన ఆ తోలే ఇప్పుడు దీపం చుట్టూ గొడుగు. బల్బు వెలిగించగానే తోలు తేనెరంగుకు తిరుగుతుంది, చిల్లుల్లోంచి గోడ మీద చుక్కలు రాలతాయి. పగటిపూట తీసిన ఫొటోలో ఇది సాదా గొడుగులాగే ఉంటుంది. దాన్ని దాచుకునేవాళ్ళు ‘గోడకు అడుగు దూరంలో, లేత రంగు గోడ, పసుపు కాంతి బల్బు’ అని రాసుకుంటేనే ఆ చుక్కలు తమ ఇంటి గోడ మీద పడతాయి.

ఇన్ని సంగతులూ కలిపి చూస్తే చేయాల్సింది కష్టమేమీ కాదు. రెండు వందల బొమ్మల బదులు ఇరవై చాలు. ఒక్కోదాని పక్కన గది కొలత, వెలుతురు దిక్కు, వాడిన సరుకు, శుభ్రం చేసే తీరు, దానిలో నచ్చినదేమిటి అన్న ఐదు మాటలు రాసుకోవాలి. చివరిది చాలా ముఖ్యం. గది మొత్తం నచ్చిందనుకున్నవాళ్ళు నిదానించి చూస్తే నచ్చింది అందులోని ఖాళీ చోటు అని, లేదా కిటికీ పక్కన కూర్చోవడానికున్న గట్టు అని తేలుతుంది. గట్టు కట్టుకోవడానికి లక్షలు అక్కర్లేదు.

తెలుగు ఇళ్ళ లెక్కలు మాత్రం నెట్‌లో దొరకడం లేదు. మండువా ఇంటి ఫొటోలు కొల్లలుగా ఉన్నాయి. నాలుగు వైపులా లోపలికి వాలిన పెంకులూ, నడుమ ఆకాశమూ ఏ సినిమా చూసినా కనిపిస్తాయి. నడుమ చోటు ఎన్ని మూరలుంటే లోపలి గదికి వెలుతురు అందుతుంది, వాన నీళ్ళు పోయే తూముకు వాటం ఎంత అన్నది ఎక్కడా లేదు. ఉత్తరాంధ్ర చుట్టిల్లు తాటాకు కప్పును దాదాపు నేల దాకా దించి, మూలలే లేని గుండ్రటి గోడతో తుపాను గాలిని దాటవేసింది. రాయలసీమ మిద్దె మందపాటి గోడతో ఎండను సాయంత్రం దాకా బయటే నిలిపింది. వీటి కొలతలు తెలిసిన మేస్త్రీలు వయసు మళ్ళుతున్నారు, ఆ ఇళ్ళు పడిపోతున్నాయి. 2008లో ఏర్పడిన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. పాత కట్టడాలను కొలిచి పటాలు గీయడం ఆర్కిటెక్చర్ చదువులో భాగమే. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ కాస్త డబ్బు కేటాయించి, ఇలాంటి పటాలను తెలుగు పేర్లతో, కొలతలతో అందరికీ ఉచితంగా నెట్‌లో పెట్టించాలి.

అది జరిగేలోపు ఈ సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు సంచీలో ఒక టేపు వేసుకెళ్ళాలి. అరుగు మీద ఫొటో ఎలాగూ దిగుతారు. ఆ అరుగు ఎత్తెంత, గోడలోని దీపపు గూడు లోతెంత, ద్వారబంధం వెడల్పెంత అన్నది కూడా కొలిచి ఆ ఫొటో కిందే రాయాలి. మధ్యాహ్నం నీడ వసారాలో ఎందాక వస్తుందో నానమ్మను అడిగితే ఆవిడ కూర్చున్న చోటి నుంచి లేవకుండానే వేలు పెట్టి చూపిస్తుంది.