పింఛను గడపకొచ్చింది, అడిగేదెవరిని?

ఒకటో తారీఖు పొద్దున్నే ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పింఛను ఇంటికే వస్తుంది. అరుగు మీద కూర్చున్న అవ్వ వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు పెడుతుంది. ఏళ్ల తరబడి కలుపు తీసి అరిగిపోయిన వేలు ఒక పట్టాన పడదు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడుతుంది. పడితే సరే. జాబితాలో పేరే లేకపోతే? 'పైనుంచి ఇలాగే వచ్చిందమ్మా' అంటాడు వచ్చిన ఉద్యోగి. అతని తప్పూ లేదు.

డబ్బు గడపకు చేర్చడం పాలన. పేరు ఎందుకు పోయిందని నిలదీసి జవాబు రాబట్టుకోగలగడం ప్రజాస్వామ్యం. మొదటిది బాగుంటే రెండోది లేకపోయినా ఫర్వాలేదన్న ధోరణి ఈమధ్య బలపడుతోంది.

దీనికి సిద్ధాంత బలమూ ఉంది. 1989లో ఆఫ్రికాపై ప్రపంచ బ్యాంకు ఇచ్చిన నివేదిక 'పాలనా సంక్షోభం' గురించి మాట్లాడింది. ఆ తర్వాత 'సుపరిపాలన' అప్పులిచ్చేవాళ్ల నోట ఊతపదమైంది. నియమాలు చేసి అమలుపరచే, సేవలందించే ప్రభుత్వ సత్తాయే పాలన, ఆ ప్రభుత్వం ప్రజాస్వామికమా కాదా అన్నది వేరే లెక్క అని 2013లో రాజనీతి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఫుకుయామా నిర్వచించాడు. కొలవడానికి రెంటినీ విడదీయడంలో తప్పులేదు. ఓట్లు పడే దేశంలోనూ ఆసుపత్రిలో డాక్టరు ఉండకపోవచ్చు. చిక్కల్లా కాగితం మీది విభజనను ఊళ్లోకి తెచ్చినప్పుడే.

మన ఊళ్లలో జరిగింది అదే. పంచాయతీ గడువు అయిదేళ్లు, అది ముగిసేలోపే ఎన్నిక పూర్తికావాలి అంటుంది రాజ్యాంగంలోని 243ఇ అధికరణం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు తీరితే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రత్యేకాధికారుల పాలన 2025 డిసెంబరు ఎన్నికల దాకా సాగింది. పార్టీలు వేరు, చెప్పిన కారణాలు వేరు, వాయిదా మాత్రం ఒకటే. అసలు ఉద్యోగం ఒకటి చేసుకుంటూ పంచాయతీనీ చూసే అధికారికి వీధిలైటు వెలగలేదని చెప్పాలంటే మండల కేంద్రానికి వెళ్లాలి. వార్డు సభ్యుడైతే పక్క సందులోనే దొరుకుతాడు. పైగా ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. అంటే ప్రజాస్వామ్యాన్ని పక్కన పెట్టినందుకు పాలనా కుంటుపడింది.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన గ్రామ సచివాలయాలు, యాభై ఇళ్లకొక వాలంటీరు ఇంకో కథ. కాళ్లరిగేలా తిరిగే బాధ తగ్గిన మాట నిజం. కానీ వాళ్ల జవాబుదారీ గొలుసు పైకే సాగింది, సర్పంచ్‌ దాకా రాలేదు. 2024లో ప్రభుత్వం మారాక వాలంటీర్లు పోయారు. ఉంచడంలోనూ తీసేయడంలోనూ గ్రామసభ మాట ఎవరూ అడగలేదు.

అలాగని సర్పంచే సర్వరోగ నివారిణి కాదు. భార్య పేరుతో పెత్తనం చేసే భర్తలు, బిల్లుల కోసమే పదవి కోరే కాంట్రాక్టర్లు మనకు తెలియనివాళ్లు కారు. ఊరిని ఆదర్శంగా చూడొద్దని అంబేడ్కర్ 1948లోనే రాజ్యాంగ సభలో గట్టిగా హెచ్చరించారు. అందుకే పదవిలో ఎవరున్నా జవాబు చెప్పక తప్పని ఏర్పాటు కావాలి.

అది మనకు కొత్తదేం కాదు. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీని రాష్ట్రమంతటా నడిపి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపింది. మస్టరులోని (హాజరు పట్టీలోని) పేర్లు పదిమందిలో బిగ్గరగా చదువుతారు. పనికి వెళ్లనివాడి పేరుంటే, చనిపోయినవాడి పేరుంటే ఊరివాళ్లే లేచి చెబుతారు. రాబట్టాల్సిన సొమ్ము పూర్తిగా రాకపోవడం దాని లోపం. అయినా లెక్క కింద కూర్చున్నవాళ్ల చెవిన పడింది అక్కడే.

పింఛను జాబితాలనూ, తొలగించిన పేర్లనూ కారణాలతో సహా అలాగే గ్రామసభలో చదవాలి. అప్పుడు అవ్వ అడగాల్సిన చోటు పై ఊరు కాదు, రచ్చబండే అవుతుంది.