సెల్లారు పొడిగా ఉన్నదా?



ఫ్లాటు కొనేటప్పుడు హాలు ఎంత ఉంది, వంటగది ఏ వైపున ఉంది, గాలి వెలుతురు వస్తాయా అని అందరమూ చూస్తాము. సెల్లారులోకి దిగి గోడలు చూసేవారు మాత్రం తక్కువ. బండి పెట్టుకోను చోటుంటే చాలుననుకుంటాము. ఈ నెల ఆ క్రింది అంతస్తును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాము.

2020 అక్టోబరు 13న హైదరాబాదులో కురిసిన కుంభవృష్టి అనేకులకు జ్ఞాపకముండే ఉంటుంది. ఆ వారంలో మేము పరామర్శకు వెళ్ళిన ఒక అపార్టుమెంటులో సెల్లారు మెడలోతు నీటిలో ఉన్నది. పై అంతస్తుల ఇళ్ళలోకి చుక్క నీరు రాలేదు. అయినా కరెంటు లేదు, మీటరు బోర్డు క్రిందనే ఉన్నది గనుక. లిఫ్టు లేదు. త్రాగు నీరు లేదు, సంపులో మురుగు కలిసింది గనుక. నాలుగవ అంతస్తులో మోకాళ్ళ నొప్పులతో ఉన్న పెద్దమ్మగారు ఆరు రోజులు మెట్లు దిగలేకపోయారు.

సెల్లారులోనే ఒక మూల గదిలో కాపురమున్న వాచ్‌మన్ కుటుంబం ఆ రాత్రి పిల్లలను చంకనెత్తుకొని మెట్లెక్కి బ్రతికింది. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు నీటిపాలయ్యాయి. "అయ్యగారూ, నీళ్ళొస్తయని ప్రతి వానకాలం చెబుతనే ఉన్న. వచ్చే మీటింగుల చూద్దామన్నరు" అన్నాడతడు. ఆ మాట మమ్ములను నేటికీ విడిచిపెట్టలేదు.

ఇళ్ళు కట్టించడంలో అనుభవమున్న ఒక ఇంజనీరు సోదరుని తరువాత అడిగి కొన్ని సంగతులు తెలుసుకొన్నాము. సెల్లారులోకి నీరు ముఖ్యముగా మూడు దారుల వస్తుంది. మొదటిది, రోడ్డు మీది వాన నీరు ర్యాంపు గుండా దిగడం. రెండవది, నానిన నేలలోని నీరు గోడల నుండి, గచ్చు నుండి ఊరడం. మూడవది, పగిలిన పైపులు, పొంగే మ్యాన్‌హోళ్ళు. దారి తెలియక మందు వేస్తే డబ్బు వృథా. గోడ చెమ్మగా ఉంటే ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనుక, అనగా గోడ వైపున తడి పట్టితే నీరు గోడలోనుండి వస్తున్నది. పైన మాత్రమే తడి పట్టితే అది గాలిలోని తేమ. గాలి ఆడే ఏర్పాటు చేస్తే తగ్గుతుంది.

కొంచెం చెమ్మేగదా అని తీసిపారవేయరాదు. స్తంభాలలోని ఇనుప చువ్వకు తడి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగులగొడుతుంది. ఆ పగుళ్ళగుండా మరింత తడి లోనికి పోతుంది. అయిదు అంతస్తుల బరువు మోసేది ఆ స్తంభాలే. పైపెచ్చు నిలిచిన నీటిలో దోమ గుడ్డు పది రోజులలోపే రెక్కల దోమ కాగలదు. డెంగీ దోమ అటువంటి చోట్లే పెరుగుతుంది.

కనుక తొలకరికి ముందే చేయవలసినవి ఇవి. ర్యాంపు మొదట్లో రోడ్డు కంటె ఎత్తుగా ఒక మిట్ట కట్టించాలి. ర్యాంపు అడుగున అడ్డముగా కాలువ త్రవ్వించి పైన ఇనుప జాలీ వేయించాలి. ఆ నీరు ఒక గుంటలోకి చేరి మోటారుతో బయటికి పోవాలి. ఆ మోటారును నెలకొకసారైనా నడిపి చూడాలి. మురుగు వెనుకకు తన్నకుండా పైపుకు వాల్వు బిగించాలి. మీటరు బోర్డును పై అంతస్తుకు మార్పించాలి. ఖర్చు అందరూ పంచుకొంటే భారమనిపించదు.

ఒకవేళ నీరు నిండితే బండి కోసమని దిగవద్దు. కరెంటు నిలుపు చేశారని విద్యుత్ శాఖవారు చెప్పేవరకు ఎవరినీ దిగనీయవద్దు. డీజిలు ఇంజనును లోపల పెట్టి నడపవద్దు. వాసన లేని విషవాయువు మనిషిని తెలియకుండానే చంపుతుంది. బయట నేల ఇంకా నాని ఉండగా నీటినంతా ఒక్కసారిగా తోడేయవద్దు. లోపలి నీరు పోగానే బయటి ఒత్తిడికి గోడ ఒరగవచ్చు. అంచెలంచెలుగా తోడండి. సంపును కడిగి, క్లోరిన్ వేసి శుద్ధి చేసిన తరువాతనే నీరు వాడండి.

చివరిగా ఒక మనవి. ఈ వారం మీరొకసారి సెల్లారులోకి దిగి, మీ బండి చూసిన తరువాత వాచ్‌మన్ పిల్లలు ఎక్కడ పడుకుంటున్నారో కూడా చూడండి. నీరు మొదట చేరేది వారి చాప దగ్గరికే. నేల మట్టానికి పైన వారికొక గది ఇవ్వగలిగితే అంతకు మించిన జాగ్రత్త లేదు. ఆ సంగతి వచ్చే మీటింగుకు వాయిదా వేయకండి.