అడవిని తూచేదెలా?

అమెజాన్ అడవిలో ఎన్ని టన్నుల కార్బన్ దాగి ఉందో చెప్పే ఉపగ్రహ పటాలకు కొదవ లేదు. 2014లో ఎడ్వర్డ్ మిచార్డ్ బృందం అలాంటి రెండు ప్రసిద్ధ పటాలను నేల మీద చెట్లు కొలిచిన 413 అటవీ ప్లాట్లతో పోల్చి చూసింది. పటాలు ఒకదానితో ఒకటి పొసగలేదు సరికదా, నేల లెక్కలతోనూ పొసగలేదు. కొన్ని ప్రాంతాల్లో తేడా 25 శాతం దాటింది.

నేల లెక్కలు చెట్ల బరువు నుంచే వస్తాయి. కానీ చెట్టు బరువు నికరంగా తెలియాలంటే నరకడం తప్ప మార్గం లేదు. కాండం, కొమ్మలు, ఆకులు విడివిడిగా తూచి, మచ్చుకు తీసిన ముక్కలను ఓవెన్‌లో ఎండబెట్టి నీటి బరువు తీసేయాలి. అలా 58 చోట్ల నరికి తూచిన 4,004 చెట్ల వివరాలతో జెరోమ్ షావ్ బృందం 2014లోనే, చెట్టును నరకకుండా బరువు అంచనా వేసే ఒక సమీకరణం ఇచ్చింది. దానికి కావలసినవి మూడే అంకెలు: నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కాండం వ్యాసం, చెట్టు ఎత్తు, కలప సాంద్రత.

50 సెంటీమీటర్ల వ్యాసం, 30 మీటర్ల ఎత్తు, ఘన సెంటీమీటరుకు 0.6 గ్రాముల సాంద్రత ఉన్న చెట్టు పొడి బరువు ఈ లెక్కన దాదాపు 2.3 టన్నులు. వ్యాసం పదో వంతు ఎక్కువ చదివితే బరువు ఐదో వంతు పెరిగిపోతుంది. సాంద్రత 0.3 అయితే బరువు సగమే. మహావృక్షాల మొదట్లో వేళ్లు గోడల్లా లేచి ఉంటాయి. నిచ్చెన వేసుకుని వాటికి పైన టేపు చుట్టాలి. ఇక ఎత్తంటారా, ఆ గుబురు కింద నిలబడితే చెట్టు కొస కనిపిస్తేగా!

ఒక్కో చెట్టు అంచనా బాగా తప్పినా, హెక్టారులోని వందల చెట్లను కలిపేసరికి హెచ్చుతగ్గులు చాలావరకు సర్దుకుంటాయి. ఒకే వైపు మొగ్గే తప్పు మాత్రం సర్దుకోదు. నరికి తూచినవాటిలో భారీ వృక్షాలు కొద్దే, అడవి బరువులో పెద్ద వాటా వాటిదే. పైగా గయానాల వైపు కలప గట్టిది, అమెజాన్ పశ్చిమాన మెత్తనిది. ఆకాశంలోంచి పచ్చదనం, ఎత్తు అందుతాయి గానీ సాంద్రత అందదు. పటాలు ఈ తేడాలను లెక్కలోకి తీసుకోవాలన్నదే మిచార్డ్ బృందం చెప్పిన మాట.

2025 ఏప్రిల్‌లో ఐరోపా అంతరిక్ష సంస్థ పంపిన ‘బయోమాస్’ ఉపగ్రహ రాడార్ ఆకుల పందిరిని దాటి కాండాల దాకా చూడగలదు. దాని సంకేతాలను టన్నుల్లోకి మార్చాలన్నా నేల ప్లాట్లే దిక్కు. అందుకే ఈ అడవి లెక్కలు చూపి కార్బన్ క్రెడిట్లు అమ్మేవారు టన్నుల పక్కనే తప్పు ఎంత ఉండొచ్చో ముద్రించాలి. ఉపగ్రహాలకు పోసే డబ్బులో కొంతైనా అడవిలో టేపు పట్టేవారికి చేరాలి.