మోటారు పుస్తకంలో బొమ్మ ఎవరిది?

బోరు మోటారు కొన్న రైతుకు దానితోపాటు నాలుగు పేజీల పుస్తకం ఒకటి చేతికి వస్తుంది. చాలామంది దాన్ని విప్పరు. విప్పినా అందులో తెలుగు కనిపించడం తక్కువే. ఇక ఆధారం బొమ్మలే. అవి సరిగా లేకపోతే మెకానిక్కు చెప్పిందే వేదం.

నీటితో నింపే రకం మోటారును బోరులోకి దించకముందే దానిలో మంచినీరు పోసి, లోపలి గాలిని బయటకు పోనివ్వాలి. ఇది మరిచి దించితే బేరింగులు దెబ్బతింటాయి. మోటారు బరువును కేబుల్ మీద వేలాడదీయకూడదు. మూడు ఫేజుల మోటారు ఎదురు తిరిగితే నీరు సరిగా రాదు. కరెంటు ఆపి, మూడు తీగల్లో ఏ రెండింటినైనా మార్చి కలిపితే తిరుగుడు సరిపోతుంది. ఎర్తు తీగ మాట వేరే చెప్పాలా? అది కలపకపోతే ప్రాణానికే ముప్పు. ఈ నాలుగు సంగతులూ నాలుగు బొమ్మల్లో చెప్పవచ్చు. రీవైండింగు ఖర్చు భరించిన రైతుకు ఆ నాలుగు బొమ్మల విలువ తెలుసు.

ఈ బొమ్మలు గీసేవారిలో చాలామంది కంపెనీ జీతగాళ్లు కారు. బొమ్మకింత చొప్పున ఇంటి దగ్గర గీసి ఇచ్చేవారు. వస్తువు మూడు వైపులూ ఒకేసారి కనిపించేలా 30 డిగ్రీల వాలు గీతలతో గీస్తారు. దీనినే డ్రాయింగు మాస్టార్లు ఐసోమెట్రిక్ అంటారు. విడిభాగాలను బిగించే వరసలోనే దూరదూరంగా పరచి, ఒక్కొక్కదానికి అంకె వేస్తారు. బయటి అంచు లావుగా, లోపలి గీత సన్నగా ఉండాలి. ఒకప్పుడు ట్రేసింగు కాగితం మీద సిరా కలంతో చేసిన ఈ పని నేడు ఎక్కువగా కంప్యూటరు మీదనే సాగుతున్నది. వాషరు ముందా, నట్టు ముందా అన్నది బొమ్మలో తారుమారైతే పొలంలోనూ తారుమారే. అయినా కంపెనీ పంపిన ఫోటోను చూసి, మోటారును చేత్తో తాకకుండానే గీయవలసి రావడం ఈ వృత్తిలో మామూలు. తప్పంతా గీసినవానిది అనడం న్యాయం కాదు.

మాటలు లేకుండా పని చెప్పవచ్చుననడానికి నిదర్శనం దూరాన లేదు. 2018 ఆగస్టులో హైదరాబాదులో దుకాణం తెరిచిన స్వీడన్ కంపెనీ ఐకియా, బల్లలు, బీరువాలను విడిభాగాలుగా అమ్ముతుంది. వాటిని బిగించే విధానం దాదాపు అంతా బొమ్మలే. పట్నవాసి కుర్చీకి దక్కిన శ్రద్ధ పల్లె రైతు మోటారుకు ఎందుకు దక్కకూడదు?

పురుగుమందు డబ్బాల విషయంలో 1971 నాటి నిబంధనలు ప్రాంతీయ భాషలో కరపత్రం ఉండాలన్నాయి. విషం తీవ్రతను ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులతో చూపాలన్నాయి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, వాడకానికి తగిన సూచనలు ఇవ్వనందువల్ల హాని జరిగితే తయారీదారు బాధ్యత వహించాలి. కనుక మోటారు కంపెనీలు పుస్తకం అచ్చువేయడానికి ముందు ఆ బొమ్మలను నలుగురు రైతుల చేతిలో పెట్టి, వారు బిగించగలరో లేదో చూడాలి. గీసేవారిని ఒకసారి బోరు గట్టుకు తీసుకురావాలి. ఐటీఐలలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ చదువు పూర్తిచేసిన పల్లె యువకులకు బోరు కొత్త కాదు. ఈ పని వారికి ఇస్తే ఇంకా మంచిది.

అయితే పని ఇచ్చి డబ్బుకు తిప్పించుకుంటే ఎవరూ నిలవరు. "ఇంకొక్క మార్పు" అంటూ పదిసార్లు తిరగగీయించి, మొదటి ధరే ఇవ్వడం దోపిడీ. ఎన్ని మార్పులకు ఎంత అన్నది ముందే కాగితం మీద ఉండాలి. 1957 కాపీరైటు చట్టం రేఖాచిత్రాన్ని కూడా కళాకృతిగానే గుర్తించింది. హక్కును మరొకరికి బదిలీ చేయాలంటే రాతపూర్వకంగానే చేయాలి. ఉద్యమ్ కింద సూక్ష్మ సంస్థగా నమోదైన వారికి, ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా, పనిని అంగీకరించిన 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలని 2006 చట్టం చెబుతున్నది. గడువు దాటితే వడ్డీ కట్టాలి. జిల్లా పరిశ్రమల కేంద్రాలు, ఐటీఐల ప్రిన్సిపాళ్లు ఈ సంగతులను చివరి ఏడాది విద్యార్థులకు చెప్పి పంపాలి.