సెజాన్ కాపీ కొట్టిన బొమ్మ

పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో ఉన్న చిత్రకారుల స్నేహం అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది వాన్ గో చెవి. 1888లో ఆర్ల్ అనే ఊళ్ళో ఆయనా, గొగానూ తొమ్మిది వారాలు ఒకే ఇంట్లో ఉన్నారు, దెబ్బలాడుకున్నారు, ఆ తర్వాత చెవి కథ. సినిమాకి పనికొచ్చే సరుకే, కాదనను. కానీ నన్నడిగితే ఆ కాలపు బొమ్మల్ని నిజంగా మార్చిన స్నేహం పిసారోకీ సెజాన్‌కీ మధ్య ఉన్నది. అందులో రక్తం లేదు కాబట్టి పెద్దగా ఎవరూ పట్టించుకోరు.

వీళ్ళిద్దరూ 1861 ప్రాంతంలో పారిస్‌లో కలిశారు. పిసారో దాదాపు తొమ్మిదేళ్ళు పెద్ద. 1872లో సెజాన్ సంసారంతో సహా (పెళ్ళి అప్పటికింకా కాలేదు లెండి) పిసారో ఉండే పొంత్వాజ్‌కి వచ్చేశాడు. అంతకుముందు సెజాన్ బొమ్మలు చాలావరకు నల్లగా, మందంగా, ఎవరిమీదో కోపంతో వేసినట్టు ఉండేవి. ఇక్కడికొచ్చి ఏం చేశాడో తెలుసా? పిసారో 1871లో వేసిన లూవ్‌సియెన్ ఊరి బొమ్మని ఎదురుగా పెట్టుకుని కాపీ చేశాడు. ముప్పై దాటిన మనిషి! రెండూ పక్కపక్కన చూడండి. ఊరు అదే, దారి అదే, కానీ పిసారోలోని చిన్న చిన్న వివరాలు సెజాన్‌లో మాయమై రంగు పలకలుగా తేలాయి. కొత్తగా ఉద్యోగంలో చేరి, సీనియర్ రాసిన కోడ్‌ని కాపీ పేస్ట్ చెయ్యకుండా లైను లైనూ చేత్తో కొట్టి చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కొడుతుండగానే చెయ్యి తనకి తోచినట్టు మార్చేస్తుంది.

1874లో ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనలో సెజాన్‌ని చేర్చుకోవడం కొందరికి ఇష్టం లేదు. పిసారో పట్టుబట్టి చేర్పించాడు. ఆ గుంపు పెట్టిన ఎనిమిది ప్రదర్శనల్లోనూ బొమ్మలు పెట్టింది ఆయనొక్కడే. గొగాన్ కూడా మొదట్లో ఆయన దగ్గర నేర్చుకున్నవాడే, తర్వాత చెడింది. నాకు అన్నిటికంటే నచ్చేదేంటంటే, 1885లో, యాభై అయిదేళ్ళ వయసులో, పాతికేళ్ళ సూరాని చూసి ఈయన చుక్కల పద్ధతి మొదలుపెట్టడం. కొన్నేళ్ళకి వదిలేశాడనుకోండి, అది వేరే సంగతి.

అంతా పాలూ తేనే అనుకోకండి. 1890ల చివర డ్రెఫస్ గొడవలో ఫ్రాన్సు రెండుగా చీలినప్పుడు, యూదుడైన పిసారో డ్రెఫస్ పక్షాన నిలబడ్డాడు. డెగా ఆయనతో మాట్లాడటం మానేశాడు. సెజాన్ మొగ్గింది కూడా అవతలి పక్షానికే. 1903లో పిసారో పోయాడు.

1906లో సెజాన్ సొంత ఊరు ఎక్స్‌లో ఒక ప్రదర్శన జరిగింది. అప్పటికి కుర్రకారు సెజాన్‌నే గురువుగా చూస్తున్నారు. ఎవరి పేరూ చెప్పుకోనక్కర్లేదు. ఆయన మాత్రం కేటలాగులో తన పేరు పక్కన 'పిసారో శిష్యుడు' అని వేయించుకున్నాడు. ఆ అక్టోబర్‌లోనే చనిపోయాడు.

పోయినేడాది అప్రైజల్ ఫారంలో నేను 'ఈ మాడ్యూల్ డిజైన్ నాదే' అని రాశాను. ఆ డిజైన్‌లో సగం, నాతోపాటు కూర్చుని వైట్‌బోర్డు మీద గీసి చూపించినాయనది. ఆయన అప్పటికే కంపెనీ మారిపోయాడు, అడిగేవాళ్ళు లేరు. ఈ ఏడాది ఫారం రెండు రోజులుగా తెరిచే ఉంది.