పాటకి తాళమెందుకు?

మెరిడియన్ ఆడియో పెట్టినవాళ్ళలో ఒకడైన బాబ్ స్టూవర్ట్ 2014లో ఎంక్యూఏ ఫార్మాట్ తెచ్చాడు. స్టూడియోలో విన్నట్టే ఉంటుందన్నారు. తీరా చూస్తే లాసీ! పైగా పూర్తిగా విప్పాలంటే లైసెన్సు ఉన్న డాక్ కొనాలి. 2023 ఏప్రిల్లో కంపెనీ దివాలా ప్రక్రియలో పడింది, సెప్టెంబర్లో కెనడా వాళ్ళ లెన్‌బ్రూక్ కొనుక్కుంది. 2024 జులైలో టైడల్ కూడా దాన్ని వదిలేసి ఫ్లాక్‌కి మారింది.

డాక్ ఇంకా మోగుతుంది, కాదనను. మరి లైసెన్సుకి పోసిన డబ్బులో? మా పెద్దమండ్యంలో టేపురికార్డరు మూలబడితే స్క్రూడ్రైవరుతో విప్పి బాగుచేసుకునేవాళ్ళు. దీన్ని విప్పితే లోపల ఎవడిదో తాళం. నేనూ కోడు రాసి బతికేవాణ్ణే, తయారుచేసినోడికి డబ్బు రావద్దనను. కానీ పాట వినాలంటే కంపెనీ బతికుండాలా? 2001 నుంచీ ఉచితంగా దొరికే ఫ్లాక్‌కి ఆ గండం లేదు. మన పాత పాటల టేపుల్ని డిజిటల్ చేసే అయ్యలారా, ఇలాంటి తాళాల జోలికి పోకండి.